తిరుపతిలో దవడ ఆపరేషన్: డాక్టర్ బంగారం, బిల్లింగ్ కౌంటర్‌కి మాత్రం ఒక దండం

తీర్పు ముందే చెప్పేస్తా, టైం లేనోళ్ళు ఈడితో ఆపేయొచ్చు. సర్జన్‌కి 5కి 5. మత్తు డాక్టర్‌కి, థియేటర్‌కి 4. నర్సులకి కూడా 4, అందులో ఒక పెద్దక్కకి అయితే 5 దాటి వేయొచ్చు. ఇంటికి పోయినాక ఏం తినాలి, ఎట్ల ఉండాలి అని చెప్పే పద్ధతికి 2. బిల్లింగ్‌కి 1 వేసేది కూడా నేను మంచోణ్ణి కాబట్టి.

ఆస్పత్రి పేరు రాయను. తిట్టేది కూడా రాస్తా ఉన్నా కదా, దాంతో ఆ డాక్టర్ పేరు గూడా మధ్యలోకి వస్తాది, అది నాకు ఇష్టం లేదు. తిరుపతిలో ఒక ప్రైవేట్ ఆస్పత్రి, ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జరీ (అంటే నోరు, దవడ, ముఖం ఎముకల ఆపరేషన్లు) అని బోర్డు ఉంటాది, అంతే. మీరు యాడికి పోయినా ఏం చూడాలి ఏం అడగాలి అనేదానికి పనికొస్తాదని రాస్తా ఉన్నా.

పేషెంట్ మా చిన్నాయన కొడుకు. కాణిపాకం పోయి బండి మీద తిరిగొస్తా పూతలపట్టు దాటినాక రోడ్డు మీద ఇసక ఉంటే జారినాడు. హెల్మెట్ ఉంది, ఉంది అంటే ఆ టోపీ లాంటి సగం హెల్మెట్, పోలీసులకి చూపించే రకం. తలకి ఏం కాలేదు, గడ్డం నేరుగా రోడ్డుకి కొట్టుకుంది, ఎడమ పక్క తెగింది. దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఆస్పత్రిలో గడ్డానికి కుట్లేసి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చి, తలకి స్కాన్ తీసి అంతా బాగుంది ఇంటికి పోండి అన్నారు. వాడు నోరు సరిగ్గా తెరవలేక పోతా ఉంటే వాపుకి అట్లే ఉంటాది అన్నారు. ఒక్కరు కూడా నోట్లో లైటేసి చూడలేదు. పొద్దున లేసి మా పిన్నమ్మ ఇడ్లీ పెడితే వాడు కొరికి, "పళ్ళు కలవడం లేదమ్మా, నావి కాదన్నట్టు ఉన్నాయి" అన్నాడంట. కింది పెదవి ఎడమ పక్క మొద్దుబారి పోయింది, నీళ్ళు తాగితే కారేది కూడా తెలీడం లేదు.

ఇంగ మొదలైంది ఇంట్లో పంచాయితీ. ఎముకల డాక్టర్ దగ్గరికి పోవాల్నా, ఈఎన్‌టీనా, పళ్ళ డాక్టరా, ప్లాస్టిక్ సర్జనా, ఎవరికీ తెలీదు. మా పెద్దనాయన అయితే "పుత్తూరు పోదాం పదండి, కట్టు కట్టిస్తే మూడు కట్లకి అతుక్కుంటాది" అని కారు తాళాలు కూడా తీసుకున్నాడు. పుత్తూరు కట్టుని నేనేం తక్కువ చేసి మాట్లాడ్డం లేదు, మా ఇంట్లోనే చేతులు విరిగి ఆడికి పోయినోళ్ళు ఉండారు. కానీ చేతికైతే బద్దలు పెట్టి ఆకు పసరేసి బిగించొచ్చు, దవడకి యాడ కడతారు చెప్పండి. పైగా దవడ అతుక్కుంటే చాలదు, పై పళ్ళకి కింది పళ్ళు ఇంతకు ముందు యాడ కూచునేవో ఆడే వచ్చి కూచోవాల. అది తప్పినాక అతుక్కుంటే జన్మంతా నమిలేది ఒక పక్కే. మళ్ళీ విరగ్గొట్టి సరిచేయాల్సి వచ్చినోళ్ళు కూడా ఉంటారని తర్వాత డాక్టరే చెప్పినాడు.

మా వీధిలో ఉండే పళ్ళ డాక్టరమ్మే దారి చూపించింది. దవడ, చెంప ఎముక, కంటి కింద ఎముక, పై దవడ, ఇవన్నీ చూసేది ఓరల్ సర్జన్లు, అంటే బీడీఎస్ అయినాక ఇంకో మూడేండ్లు ఎండీఎస్ అదే సబ్జెక్టులో చేసినోళ్ళు, ఆ బోర్డు చూసి పోండి అనింది. తిరుపతిలో స్విమ్స్ ఉంది, రుయా ఉంది, రేణిగుంట రోడ్డులో డెంటల్ కాలేజీ ఉంది, పీజీ ఉన్న డెంటల్ కాలేజీల్లో ఈ డిపార్ట్‌మెంట్ ఉంటాది. చిత్తూరు పక్క వాళ్ళయితే వేలూరు దగ్గర కాబట్టి సీఎంసీ అంటారు. మేము ప్రైవేట్‌కి పోయినాము, చిన్నాయన వాళ్ళ ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది కదా అని. ఆ ఇన్సూరెన్స్ కథ కింద ఉంది.

ఇప్పుడు డాక్టర్ గురించి. ఓపీలో వెయిటింగ్ ఎక్కువే, అది ఒప్పుకోవాల. కుర్చీలు చాలవు, టీవీలో కొండ మీద కళ్యాణోత్సవం లైవ్ వస్తా ఉంటాది, అందరూ దాన్నే చూస్తా టోకెన్ మర్చిపోతారు, కాంపౌండర్ అరుస్తా ఉంటాడు. కానీ లోపలికి పోయినాక హడావిడి లేదు. మనిషి ఫైలు చూడ్లేదు, స్కాన్ చూడ్లేదు, ముందు వాణ్ణి "నోరు తెరువప్పా మెల్లగా" అన్నాడు. తెరిస్తే గడ్డం కుడి పక్కకి లాగి పోతాంది. నాలుక పైకెత్తమని లైటేసినాడు, నాలుక కింద నేరేడు పండు రంగులో రక్తం గడ్డ కట్టి ఉంది. చెవి ముందర వేలు పెట్టి మళ్ళీ తెరువు మూయి అన్నాడు, కుడి పక్క వేలు పెట్టంగానే వాడు కుర్చీలోంచి లేసినంత పని చేసినాడు. "రెండు చోట్ల విరిగి ఉంటాది, ముందర ఎడమ పక్క, వెనక కుడి చెవి దగ్గర. ఎక్స్‌రే తీసుకు రండి" అన్నాడు. ఓపీజీ తీసినారు, అదే మనం నిలబడి ఉంటే మిషన్ తల చుట్టూ తిరుగుతాది చూడండి, అది. ఫిలిం చూస్తే అచ్చం ఆయన చెప్పిన రెండు చోట్లే. వెనకదానికి సీటీ కూడా తీయించినాడు, ఎంత పక్కకి జరిగిందో తెలియాల కాబట్టి.

ఎడమ పక్క దెబ్బ తగిలితే కుడి పక్క ఎందుకు విరిగింది అని మా చిన్నాయన అడిగినాడు, నాకూ అదే డౌటు. దవడ గుర్రపు నాడా లాగా వంగి ఉంటాదంట, రెండు కొసలూ చెవుల ముందర కీళ్ళలో ఇరుక్కొని ఉంటాయి, ముందర ఒక పక్క తగిలితే ఆ దెబ్బ వంపు వెంబడి పోయి అవతలి కొసన సన్నంగా ఉండే మెడ దగ్గర విరుస్తాదంట. అందుకే గడ్డం మీద కుట్లు పడిన ఎవరికైనా, చిన్న పిల్లోళ్ళకి మరీ ముఖ్యంగా, రెండు చెవుల దగ్గరా చూడకుండా పంపకూడదు అన్నాడు. పిల్లోళ్ళలో ఇది కనిపెట్టకుండా వదిలేస్తే ఆ కీలు పుర్రెకి అతుక్కు పోయి నోరు తెరుచుకోదు, దవడ కూడా పెరగదు. అది మాటకి చెప్పినాడు అనుకున్నాం గానీ బయట బెంచీ మీద అట్లాంటి పాప ఒకతె ఉంది, పీలేరు పక్క పల్లె వాళ్ళు, ఎప్పుడో ఊయల్లోంచి పడిందంట, పాపం గడ్డం లోపలికి పోయి, చిన్న స్పూను కూడా పళ్ళ మధ్యలో పట్టదు. ఆ పాపకి ఆ అతుక్కున్న ఎముక తీసేసే ఆపరేషన్‌కి డేట్ ఇచ్చినారు.

నాకు ఆ డాక్టర్ మీద నమ్మకం కుదిరింది ఇంకోచోట. మేము ఇంకో చోట కూడా ఒపీనియన్ తీసుకున్నాం, ఆడ రెండు చోట్లా కోసి ప్లేట్లు వేసేద్దాం అన్నారు. ఈయన మాత్రం ముందర ప్లేట్లు వేద్దాం, వెనకది ఎక్కువ జరగలేదు, ఆ పక్క దవడ ఎత్తు తగ్గలేదు, దాన్ని కోయకుండా రబ్బర్లతో పళ్ళు సరిగ్గా కూచోబెట్టి, తర్వాత ఎక్సర్‌సైజులతో సరిచేయొచ్చు అన్నాడు. వెనక కోస్తే ముఖం కదిలించే నరం దగ్గరగా పోవాల్సి వస్తాది, జరిగిన దాన్ని బట్టి కొందరికి కోయక తప్పదు, మీ వాడికి ఆ రిస్కు అక్కర్లేదు అన్నాడు. ఒక ఆపరేషన్ తగ్గిస్తే ఆయనకి డబ్బులు తగ్గుతాయి కదా, ఆ మాట చెప్పే వాళ్ళు ఎంతమంది ఉంటారు. రెండో చోటు వాళ్ళని తప్పు పట్టడం లేదు, ఈ విషయంలో సర్జన్లలోనే రెండు పక్షాలు ఉన్నాయంట.

ఇట్లాంటిదే ఇంకోటి. బెంచీ మీద పరిచయమైన ఒకామె శ్రీకాళహస్తి నుంచి కూతుర్ని తీసుకొచ్చింది, కింది దవడ ముందుకి పొడుచుకొచ్చి ఉంది, టెన్త్ చదువుతాంది, స్కూల్లో ఏడిపిస్తారని ఎట్లైనా వెంటనే ఆపరేషన్ చేయమని అడిగితే ఈయన చేయనని పంపించినాడంట. ఎదుగుదల ఆగినాక, పదిహేడు పద్దెనిమిది ఏండ్లు దాటినాకే చేయాల, దానికి ముందు ఏడాది ఏడాదిన్నర క్లిప్పులు వేసి పళ్ళు సర్దాల, అప్పుడే దవడ కోసి జరిపితే పళ్ళు కలుస్తాయి, ఇప్పుడు చేస్తే మళ్ళీ పెరిగి ముందుకే వస్తాది అని చెప్పినాడంట. ఆమెకి కోపం వచ్చింది, నాకు మాత్రం ఈ మనిషి దగ్గర చేయించుకోవచ్చు అనిపించింది.

ఆపరేషన్ సంగతి. మత్తు ట్యూబ్ ముక్కులోంచి వేస్తారు, ఇది ముందే తెలుసుకోండి, లేకపోతే బయటికి తెచ్చినాక ముక్కులో రక్తం చూసి ఆడోళ్ళు గోల పెడతారు, మా పిన్నమ్మ పెట్టింది. నోట్లోంచి వేస్తే పళ్ళు మూసి చూసేదానికి కాదు కదా, పళ్ళు కలిసినాయా లేదా అనేదే ఈ ఆపరేషన్‌కి ఆధారం. ముందు పై పళ్ళకి కింది పళ్ళకి ఆర్చ్ బార్లు అని కొక్కేలున్న కమ్మీలు సన్న వైర్లతో కడతారు, పళ్ళు సరిగ్గా కూచోబెట్టి రెండూ కలిపి బిగిస్తారు, అప్పుడు పెదవి లోపలి నుంచి కోసి విరిగిన చోట టైటానియం ప్లేట్లు పెట్టి స్క్రూలు వేస్తారు. మా వాడికి ముందర కాబట్టి రెండు ప్లేట్లు, ఒకదాని కింద ఒకటి. గడ్డం దగ్గర ఎముక మెలి తిరిగే గుణం ఉంటాదంట, ఒకటి చాలదు. బయట కోత లేదు, రోడ్డు మీద తెగిన ఆ మచ్చ తప్ప. ఆ ప్లేట్లు ఇబ్బంది పెడితే తప్ప తీయరు, అట్లే ఉండి పోతాయి. ఎంఆర్ఐకి కూడా అడ్డం కాదన్నాడు, కాకపోతే ఆ స్కాన్ తీసే ముందు ప్లేట్లు ఉన్నాయని చెప్పాల. పాత కాలంలో ప్లేట్లు లేనప్పుడు ఆరు వారాలు పళ్ళు వైర్లతో కట్టేసి పడేసే వాళ్ళంట, ఇప్పుడు ప్లేట్లు ఉన్నాయి కాబట్టి మా వాడికి వైర్లు విప్పి రబ్బర్లు మాత్రం వేసినారు, అవి కూడా ఆ వెనక విరుపు కోసం.

పెదవి మొద్దుబారింది గురించి కూడా దాచలేదు. నరం దవడ లోపలి నుంచే పోతాది, విరిగినప్పుడే నలిగింది, వారాలు పట్టొచ్చు నెలలు పట్టొచ్చు, కొందరికి కొంచెం మిగిలి పోవచ్చు అని ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నాడు. ఇప్పుడిప్పుడే వాడికి పెదవి మీద చీమలు పాకినట్టు ఉందంట, అది మంచి గుర్తే అన్నాడు.

ఇంగ డిశ్చార్జ్. ఈడ నాకు ఒళ్ళు మండింది. పళ్ళు రబ్బర్లతో బిగించి పంపిస్తా చేతికి ఒక డైట్ పేపర్ ఇచ్చినారు, దాంట్లో ఏం ఉందో తెలుసా, పొద్దున ఇడ్లీ రెండు, మధ్యాహ్నం మెత్తటి అన్నం పప్పు, సాయంత్రం ఉప్మా. నోరే తెరవనోడికి ఉప్మా యాడ పెట్టాల్నో రాయలేదు. ఆస్పత్రికంతా ఒకే పేపర్ జిరాక్స్ తీసి పెట్టుకున్నారు, గాల్ బ్లాడర్ వాళ్ళకి కూడా అదే. డైటీషియన్ వచ్చినట్టు బిల్లులో ఉంది, మనిషిని మాత్రం మేము చూడ్లేదు.

ఆ పెద్దక్క లేకుంటే ఏమయ్యేదో. రాత్రి డ్యూటీ దిగి పోతా పోతా ఆగి అరగంట చెప్పింది, పిన్నమ్మ నోట్‌బుక్‌లో రాసుకుంది. పెద్ద సిరంజికి రెండంగుళాల మెత్తటి ట్యూబ్ తగిలించి, పళ్ళ వెనక చెంప సందులోంచి మెల్లగా వదలాల, వెల్లకిలా పండబెట్టి పోయకూడదు, కూచోబెట్టే పోయాల. ఏదైనా సరే మిక్సీ వేసినాక గుడ్డలో వడకట్టాల, రాగిజావ అయినా సరే, పొట్టు వైర్లలో ఇరుక్కుంటే వాసన వస్తాది. చిన్న పిల్లల బ్రష్‌తో కమ్మీల పైన కింద తోమాల, ఆ గులాబీ రంగు మౌత్‌వాష్ తోమినాక వెంటనే కాకుండా కాసేపాగి పుక్కిలించాల. వైరు కొస చెంపకి గుచ్చుకుంటే క్లిప్పులోళ్ళకి ఇచ్చే మైనం చిటికెడు తీసి ఉండ చేసి దాని మీద అదమాల. అన్నిటికన్నా ముఖ్యం, మంచం తలకాడ ఒక చిన్న కత్తెర దారంతో కట్టి పెట్టుకోండి, వాంతి వచ్చేటట్టు ఉంటే ఆలోచించకుండా రబ్బర్లు కత్తిరించి ముందుకి వంచండి, రబ్బర్లు మళ్ళీ వేయొచ్చు అనింది. ప్రాణం మీదకి వచ్చే మాట ఇది, పేపర్‌లో లేదు. ఆ అక్క డ్యూటీలో లేని రోజు డిశ్చార్జ్ అయినోళ్ళ గతేంది?

తిండి విషయం కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఈ ఆపరేషన్ అయినోళ్ళ ఇంట్లో అసలు యుద్ధం వంటింట్లోనే. మా అవ్వ చూసుకుంది అదంతా. రాగిజావ మజ్జిగతో పలచన చేసి గోరువెచ్చగా ఇవ్వాల, చల్లారితే చిక్కబడి సిరంజి కదలదు. పెసరపప్పు కట్టు, నేతి చుక్కతో. ఆదివారం మటన్ బొమికలు ఉడకబెట్టి మిరియాలు తక్కువేసి తేట తీసింది, వాడు కళ్ళు మూసుకోని ఆస్వాదిస్తా తాగినాడు. పెరుగన్నం మిక్సీ వేస్తే జిగురు జిగురుగా అయి బాగలేదు, దాని జోలికి పోవద్దు. బత్తాయి రసం లోపలి కుట్లకి మండుతాది. రోజుకి మూడు పూటలు కాదు, రెండు గంటలకి ఒకసారి కొంచెం కొంచెం. అయినా వాడు సన్నబడినాడు, చూసిన ప్రతి ఒక్కరూ "ఏందబ్బా ఇట్లైపోయినాడు" అనేవాళ్ళే, ఆ మాట పేషెంట్ ముందర అనకండి దయచేసి. ఎదురింటి వాళ్ళు పెండ్లి బిర్యానీ పంపినారు, వాడు ఆ వాసనకే లేసి మిద్దె మీదకి పోయినాడు.

ఫాలోఅప్ మాత్రం మళ్ళీ 5కి 5. ప్రతిసారీ ఆ సర్జనే చూసినాడు, జూనియర్లకి వదిలేయలేదు. రబ్బర్లు తీసినాక అద్దం ముందర నిలబడి గడ్డం పక్కకి పోకుండా నేరుగా నోరు తెరిచే ఎక్సర్‌సైజు నేర్పించినాడు, మూడు వేళ్ళు నిలువుగా పట్టేదాకా చేయాల అన్నాడు. ఇది నొప్పి అని మానేస్తే కీలు బిగుసుకు పోతాది. కమ్మీలు ఓపీలోనే మత్తు సూది ఇచ్చి తీసేసినారు, పేషెంట్ కేకలు పెట్టినాడు గానీ తీసినాక నాలుకతో పళ్ళన్నీ తడుముకుంటా కూచున్నాడు చాలాసేపు.

బిల్లింగ్. అడ్మిషన్ అప్పుడు 60 వేలు ప్యాకేజీ అన్నారు, ఆఖర్లో 90 దాటింది. అడిగితే ప్లేట్లు వేరే, స్క్రూలు వేరే, థియేటర్ సామాన్లు వేరే అంట. ప్లేట్లు లేని దవడ ఆపరేషన్ ప్యాకేజీ దేనికప్పా, పూజ చేసేదానికా? ముందే "ఇంప్లాంట్లతో కలిపి ఎంత" అని రాత మూలకంగా అడగండి. ఇంకోటి, ప్లేట్లకి, స్క్రూలకి కంపెనీ స్టిక్కర్లు వస్తాయి, బ్యాచ్ నంబర్‌తో, అవి కేస్ షీట్‌లో అంటిస్తారు, దాని కాపీ కావాలని అడగండి. మేము అడిగినాక రెండు స్క్రూలు బిల్లులో తగ్గినాయి, ఎట్ల తగ్గినాయో వాళ్ళకే తెలియాల.

ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట క్యాష్‌లెస్ కొట్టేసినారు, డెంటల్ ట్రీట్‌మెంట్ కవర్ కాదంట. డిపార్ట్‌మెంట్ పేరు చూసి పళ్ళు పీకినారు అనుకున్నారేమో. చాలా పాలసీల్లో డెంటల్ ఉండదు నిజమే గానీ యాక్సిడెంట్ అయి అడ్మిట్ అయితే ఇస్తారు, ఆ లైను పాలసీలోనే ఉంటాది. ఎంఎల్‌సీ (యాక్సిడెంట్ కేసు అని ఆస్పత్రిలో రాసి పోలీసులకి తెలిపే కాగితం) కాపీ, సీటీ రిపోర్టు, "యాక్సిడెంట్ వల్ల దవడ ఎముక విరిగింది" అని డాక్టర్ లెటర్ హెడ్ మీద రాసిచ్చింది పెట్టి రీయింబర్స్‌మెంట్‌కి వేస్తే వచ్చింది, అంతా కాదు, ఎక్కువ భాగం. ఆ లెటర్ కూడా డాక్టరే అడక్కుండా రాసిచ్చినాడు, కౌంటర్‌లో మాత్రం సీలు వేసేదానికి రెండు పూటలు తిప్పినారు. కార్డు మీద పోదామనుకునే వాళ్ళు, అదే ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు, అడ్మిట్ కాకముందే ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని కలిసి మీ కేసుకి ఆ ఆస్పత్రిలో వస్తాదా రాదా అని కనుక్కోండి, అడ్మిట్ అయినాక అడిగితే మాటలు మారతాయి.

పార్కింగ్ లేదు, బండ్లు రోడ్డు మీదే, ట్రాఫిక్ వాళ్ళు ఎత్తుకు పోతారు. క్యాంటీన్‌లో టీ బాగుంటాది. సాయంత్రం ఓపీకి పోతే రష్ తక్కువ, సర్జన్ కూడా అప్పుడే తీరిగ్గా మాట్లాడతాడు. ఆదివారం ఎమర్జెన్సీ తప్ప ఓపీ లేదు. దూరం నుంచి వచ్చే వాళ్ళు స్కాన్ సీడీ కూడా తెచ్చుకోండి, ఫిలిం ఒక్కటే తెస్తే ఆయన మళ్ళీ సీడీ అడుగుతాడు.